పానా పట్టిన చేతికి కలం కూడా కావాలి

(మెకానిక్, వెల్డింగ్, టైలరింగ్ పనులు చేసుకునే కుటుంబాలతో మేడ్చల్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలిచిన పెద్దలు "నిత్యజీవితంలో కొత్త ఉపాయాలు, యంత్ర పరిజ్ఞానం" అనే అంశం మాకు ఇచ్చారు. ఇటువంటి అంశం దొరికితే వక్తలు గొప్పలు చెప్పుకుంటారు. మేము మాత్రం ఒక తప్పుతో మొదలుపెడతాము. ఆ తప్పు మాదే.

ఇక్కడికి దగ్గరలోనే, జాతీయ రహదారి పక్కన, ఒక వెల్డింగ్ షాపు ఉన్నది. ఉస్తాద్ పేరు చెప్పము, ఆయన వద్దన్నారు. ఆయన దగ్గరికి చిన్నతనంలో పోలియో సోకి రెండు కాళ్ళూ పనిచేయని ఒక సోదరుడు తన స్కూటరు తెచ్చేవారు. పక్క చక్రాలు బిగించిన స్కూటరు. దాని మీద ఆయన ఎక్కడికైనా పోగలరు. కాని రేషన్ దుకాణం ముందో, మస్జిద్ గేటు దగ్గరో బండి నిలిపిన తరువాత వెనక్కి తీయడం ఆయన వల్ల కాదు. మనమైతే కాళ్ళతో నెట్టుకుంటాము. ఆయన ఎవరినో ఒకరిని పిలవవలసిందే. ఒకనాడు ఆయన ఉస్తాద్‌తో అన్న మాట మా చెవుల్లో ఇంకా ఉన్నది: "భాయ్, ముందుకైతే నా అంతట నేనే పోతాను. వెనక్కి రావాలంటే మాత్రం బజారంతా కావాలి."

ఉస్తాద్ పాత ఇనుప సామాను దుకాణం నుంచి, తుక్కుకు వచ్చిన ఒక లారీ వైపర్ మోటారు తెచ్చారు. వైపర్ మోటారు మెల్లగా తిరుగుతుంది, కాని దాని లోపలి పళ్ళచక్రాల వలన బలం ఎక్కువ. వానలో అంత పొడవు కడ్డీని అద్దం మీద ఈ కొసనుంచి ఆ కొసకు ఈడ్చే మోటారు అది. ఆయన దాని ఇరుసుకు ఒక గరుకు రోలరు బిగించి, దానిని పక్క చక్రం దగ్గర ఒక కీలు మీద కూర్చోబెట్టారు. హ్యాండిల్ దగ్గర ఒక పిడి, దానికి పాత బ్రేకు వైరు. పిడి లాగితే రోలరు వచ్చి టైరును అదుముతుంది. బొటనవేలి కింద బటను నొక్కితే స్కూటరు బ్యాటరీతోనే మోటారు తిరిగి, బండి వెనక్కి నడుస్తుంది. ఒక గజం దూరానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. వేగం లేదు, అవసరమూ లేదు. ఇంజను విప్పలేదు, గేరుపెట్టె ముట్టలేదు. వెనక్కి నడిచే గేరుపెట్టెలు బజారులో అమ్మకానికి లేక కాదు. వాటికి పెట్టగల డబ్బు ఆ సోదరుని దగ్గర లేదు.

మొదటిసారి ఆయన ఎవరినీ పిలవకుండా బండి వెనక్కి తీసుకున్నప్పుడు మేము అక్కడే ఉన్నాము. ఆ సంతోషంలో మేము ఫోను తీసి ఆ పరికరాన్ని దగ్గరగా, ప్రతి నట్టూ కనబడేటట్లు వీడియో తీశాము. ఉస్తాద్ నోటితోనే అది ఎలా పనిచేస్తుందో చెప్పించాము. ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టాము. చూసినవారందరూ మాషా అల్లాహ్ అన్నారు. మేము ఒక మంచిపని చేశామనుకున్నాము.

కొన్ని నెలలకు, దీనికి పేటెంటు వస్తుందేమో అడుగుదామని ఉస్తాద్‌ను వెంటబెట్టుకొని ఒక పేటెంటు ఏజెంటు దగ్గరికి వెళ్ళాము. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు, బొమ్మ గీయించుకున్నారు, ఈ అమరికలో కొత్తదనం ఉండవచ్చునన్నారు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న: "దీన్ని ఇంతకు ముందు ఎవరికైనా చూపించారా?" మేము గర్వంగా ఫోను తీసి వీడియో చూపించాము. ఆయన తేదీ చూసి కాగితం మడిచి మా చేతిలో పెట్టారు.

మన దేశపు పేటెంట్ల చట్టం 1970 నాటిది. దాని కింద రక్షణ కావాలంటే వస్తువు కొత్తది కావాలి. కొత్తది అంటే, దరఖాస్తు వేసిన నాటికి అది ప్రపంచంలో ఎక్కడా అచ్చులోగాని, అందరి వాడుకలోగాని బయటపడి ఉండకూడదు. బయటపెట్టినది ఎవరో దొంగ అయితే చట్టం కొంత కనికరిస్తుంది. చేసినవాడే, లేదా అతని అనుమతితో అతని మిత్రుడే బయటపెడితే చేయగలిగింది దాదాపు లేదు. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు, విద్వత్సభల ముందు చదివిన పత్రాలకు 12 నెలల వెసులుబాటు ఉన్నది. ఫేస్‌బుక్‌కు లేదు. ఆ వీడియో తీయకపోయి ఉంటే పేటెంటు వచ్చేదే అని మేము అనము. అది పరీక్షాధికారి తేల్చవలసిన మాట. కాని ఆ తలుపు తట్టే హక్కు ఉస్తాద్‌కు ఉండినది. దానిని మేము మూసివేశాము. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చే దారిలో చాయ్ కూడా ఆయనే తాగించారు. అది మాకు ఇంకా బరువైంది.

ఆ తరువాత మేము ఈ విషయం గురించి చదవడం, అడగడం మొదలుపెట్టాము. మీ ముందుకు తెచ్చినది అదే.

మనం ఉంటున్న చోటు ఎటువంటిదో ఒకసారి చూడండి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట కొద్ది మైళ్ళే. ఆ వైపు తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉన్నది. కోవిడ్ కాలంలో కోవాక్సిన్ టీకా తయారుచేసిన సంస్థ అక్కడిదే, 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి వచ్చింది. బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం 2008 నుంచి అక్కడే ఉన్నది. దేశంలో పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ శామీర్‌పేటలోనే ఉన్నది, మేధో సంపత్తి చట్టాలు అక్కడ పాఠంగా చెబుతారు. ఇంత చదువు గోడల లోపల ఉన్నది. గోడల బయట, అదే దారి పొడవునా, మన షెడ్లు ఉన్నాయి. లోపలివారి కారు ఆగిపోతే తోసుకొని వచ్చేది మన దగ్గరికే. లోపల ఎవరికైనా ఆలోచన తట్టితే ముందు పుస్తకంలో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టిస్తారు. బయట మనకు తడితే చేసి, వాడి, మరచిపోతాము. ఆ గోడకు అటూ ఇటూ ఉన్న తేడాలలో మొదటిది తెలివి కాదు, ఒక నోటు పుస్తకం.

మన పనిని ఊళ్ళో "జుగాడ్" అంటారు. కొందరు మెచ్చుకోలుగానే అంటారు. ఆ మాట మాకు నచ్చదు. జుగాడ్ అన్నప్పుడు వినేవారికి తాత్కాలికం, చవక, ఏదో ఒకటి అనే అర్థం వస్తుంది, ఆ పనికి ధర కూడా అలాగే వస్తుంది. శామీర్‌పేట వైపు మోటార్ల వైండింగ్ చేసే ఒక తమ్ముడు, రైతు పొలానికి పోకుండా ఇంటి నుంచే బోరు మోటారు నడిపే ఏర్పాటు చేశాడు. పాత బటన్ల ఫోను ఒకటి, దానంతట అదే కాల్ ఎత్తేటట్లు పెట్టాడు. రైతు ఫోను చేసి ఒకటి నొక్కితే ఒక స్వరం, రెండు నొక్కితే ఇంకొక స్వరం పోతుంది. ఇయర్‌ఫోను తీగ నుంచి ఆ స్వరాన్ని ఒక చిన్న చిప్పు గుర్తుపట్టి రిలేను లాగుతుంది, స్టార్టరు పడుతుంది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు అర్ధరాత్రి కరెంటు వస్తే చీకట్లో పాముల మధ్య నడిచిపోయిన రైతును అడగండి, అది జుగాడా కాదా అని. ఇక్కడ ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ తమ్ముని ఉపాయం మీద అతనికి పేటెంటు వచ్చే అవకాశం లేదు. పూణేలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు "నానో గణేశ్" పేరుతో అటువంటి పరికరాన్నే ముందుగా తయారుచేసి అమ్మాడు. తమ్మునికి ఆ సంగతి తెలియదు, తన బుర్రతోనే చేశాడు. కాని చట్టం అడిగేది ముందు ఎవరు అని మాత్రమే. ముందుగా వెతికి చూసుకునే అలవాటు మనకు ఉంటే, అతడు ఉన్నదాన్ని మళ్ళీ కనిపెట్టే బదులు దానికి లేనిదేదో కలిపి ఉండేవాడు. పేటెంటు కార్యాలయపు వెబ్‌సైటులో వెతకడం ఉచితం. ఇంటర్ చదివే పిల్ల ఇంట్లో ఉంటే చాలు.

చదువు లేదు కదా, మనకెందుకు ఇవన్నీ అనే మాట ఈ సభలోనే రెండుసార్లు విన్నాము. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదివింది ఆరో తరగతి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి చీరకు వేలసార్లు చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు ఆడించేది. ఆమె భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం మొదలుపెట్టి, అప్పులు చేసి, మధ్యలో ఆపి, 1999లో పూర్తిచేశాడు. ఆఖరి ముడి ఎక్కడ వీడిందో తెలుసునా? మన జిల్లాలోనే, బాలానగర్‌లో. అక్కడ పనికి వచ్చినప్పుడు ఒక కార్ఖానాలో ఒక యంత్రం కదలిక చూసి, తన యంత్రానికి కావలసింది అదే అని గుర్తించాడు. నాలుగు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పేరు ఈరోజు మనకు తెలియడానికి కారణం యంత్రం ఒక్కటే కాదు. ఆయన ఊరికి వెళ్ళి, చూసి, రాసి, దేశానికి చెప్పినవారు ఉన్నారు. సికింద్రాబాదులోని పల్లె సృజన సంస్థ, దానిని నడిపిన విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం గారు ఊళ్ళ వెంట కాలినడకన శోధయాత్రలు చేసి ఇటువంటివారిని వెతికారు. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, 2000లో ఏర్పడిన సంస్థ, చదువు లేని సృజనకారుల తరఫున పేటెంటు దరఖాస్తులు వేస్తుంది. మన షెడ్ల దగ్గరికి వారు ఎందుకు రాలేదని అడగడం తేలిక. మనం వారికి ఒక్క ఉత్తరమైనా రాశామా అన్నది కూడా అడగాలి.

కర్ణాటకలో ధార్వాడ జిల్లా అణ్ణిగేరికి చెందిన అబ్దుల్ ఖాదర్ నడకట్టిన్ సాహెబ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. చింతపండు నుంచి గింజలు వేరుచేసే యంత్రంతో పాటు ఎన్నో సేద్యపు పనిముట్లు చేశారాయన. కాని ఆయన మొదటి ఆవిష్కారం తన నిద్ర మీదనే. గడియారపు అలారం కీ తిరిగేటప్పుడు దానికి కట్టిన దారం చుట్టుకొని, నీళ్ళ సీసా వంగి ముఖం మీద నీళ్ళు పడేటట్లు చేసుకున్నారు. ఫజ్ర్‌కు లేవని కొడుకులున్న ఇళ్ళలో ఇప్పటికీ పనికివస్తుంది, తల్లులు రాసుకోవచ్చు. బీహారు మోతిహారికి చెందిన మహమ్మద్ సైదుల్లా సాహెబ్ 1975 వరదలలో పడవ కోసం ఎదురుచూడలేక, నీటి మీద నడిచే సైకిలు చేశారు. 2005లో ఆయనకు జీవితకాల పురస్కారం ఇచ్చారు. దేశమంతా ఫోటోలు వేసుకున్నది. పురస్కారం తరువాత కూడా ఆయన బతుకు తేలిక కాలేదు. కాబట్టి పేరు వస్తే కడుపు నిండుతుందని మేము మీకు చెప్పము. పేటెంటు అనేది 20 ఏళ్ళు ఇతరులను ఆపే హక్కు మాత్రమే, దానిని కొనేవాడినో, తయారుచేసేవాడినో మనమే వెతుక్కోవాలి.

పెద్దలు అల్ జజరీ పేరు చెప్పడం మాకు ఇష్టమే. 1206లో ఆయన నీటి గడియారాల గురించి, నీళ్ళు తోడే యంత్రాల గురించి గ్రంథం పూర్తిచేశారు. అంతకు ముందు బాగ్దాదులో బనూ మూసా సోదరులు "హియల్", అనగా ఉపాయాల గ్రంథం రాశారు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా పనివాళ్ళు ఆ యంత్రాలను తిరిగి కట్టగలుగుతున్నారు. ఎందుకు? ప్రతి భాగాన్నీ బొమ్మ గీసి, కొలత చెప్పి, ఎలా అతకాలో రాశారు కనుక. వేదికల మీద ఆయన తెలివిని పొగుడుతాము, ఆయన అలవాటును మాత్రం వదిలేశాము. మన ఇంటి ముంగిట్లోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఎలా ఉండేవో మీలో నలభై దాటినవారికి గుర్తు. ఆ తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకాన్ని హైదరాబాదులో ప్రవేశపెట్టినవారు అబ్దుల్ బాఖర్ ఖాన్. ఉద్యాన శాస్త్రజ్ఞుల పుస్తకాలలో ఆ పేరు ఉన్నది. ఈ హాలులో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమంటే మేమే ఇబ్బంది పడతాము, పోయిన ఏడు వరకు మాకూ తెలియదు.

ఇక హక్కుల మాట. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ముస్లిం పనివారిలో 61 శాతం స్వయం ఉపాధి మీద ఉన్నారు, హిందువులలో 55 శాతం. అనగా నెలజీతం లేనివారు, సొంత చేతి మీద బతికేవారు మనలో ఎక్కువ. అటువంటివారి కోసమే అని చెప్పి కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు. మంచి పథకం, అర్హులైనవారు తప్పక వేయండి. దర్జీలు, వడ్రంగులు, కమ్మరులు, తాపీ పనివారు, తాళాలు బాగుచేసేవారు అందులో ఉన్నారు. మొత్తం 18 వృత్తులు. ఆ 18లో మోటారు మెకానిక్ లేడు. మోటారు వైండింగ్ చేసేవాడు లేడు. ఫ్రిజ్జు, ఏసీ బాగుచేసేవాడు లేడు, సైకిలు రిపేరువాడు లేడు. తరతరాల వృత్తులకే అంటారు. తాత లారీ ఇంజను విప్పాడు, తండ్రి విప్పాడు, కొడుకు విప్పుతున్నాడు, మూడు తరాలు తరాలు కావా? కొలిమి ముందు కూర్చున్నవాడు విశ్వకర్మ అయితే వెల్డింగ్ రాడ్డు పట్టినవాడు ఎందుకు కాడు? ఈ రిపేరు వృత్తులను చేర్చాలని కోరుతూ ఒక వినతిపత్రం సిద్ధం చేశాము. అది మతం పేరుతో రాసినది కాదు, మెకానిక్ పేరుతో రాసినది. పక్క షెడ్డు యాదగిరి చేతి సంతకం కూడా అందులో ఉండాలి.

దీనికి జతగా ఇంకొకటి. కంపెనీలు విడిభాగాలు, సర్వీసు వివరాలు బయటి మెకానిక్‌కు ఇవ్వవు. అందుకని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న "రైట్ టు రిపేర్" పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ఇంటి సామాను, వాహనాలు, సేద్యపు యంత్రాలు దాని కిందికి వస్తాయి. అది ఇంకా కంపెనీల ఇష్టం మీదనే నడుస్తున్నది, చట్టం కాలేదు. చట్టం కావాలని అడగవలసినవారిలో మొదటివాడు మెకానిక్.

ఇప్పుడు చేయవలసిన పని. రెండు వందల పేజీల గట్టి నోటు పుస్తకం ఒకటి కొనండి, విడి కాగితాలు వద్దు. కొత్తగా ఏదైనా చేస్తే ఆ రోజు తేదీ వేసి, బొమ్మ గీసి, ఏ సామాను ఎక్కడిది, మొదట ఎందుకు పనిచేయలేదు, తరువాత ఎలా చేసింది, అన్నీ రాయండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా సరే. చేతకాకపోతే షాగిర్ద్ రాస్తాడు, అతనికీ పని వస్తుంది. కింద నమ్మకమైన ఇద్దరితో సంతకం చేయించండి. ఈ పుస్తకమే పేటెంటు కాదు, ఆ భ్రమ వద్దు. కాని రేపు ఏజెంటుకు చెప్పవలసి వచ్చినా, బ్యాంకుకు చూపవలసి వచ్చినా, నాలుగు మాటలు నికరంగా చెప్పడానికి ఆధారం ఉంటుంది.

పేటెంటు ఆలోచన ఉంటే ముందు తాత్కాలిక దరఖాస్తు వేయవచ్చు. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో వేస్తే రుసుము 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. ఆ రోజుతో మీ తేదీ ఖాయమవుతుంది. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు. తరువాత పరీక్షకు మరో 4,000. ఏజెంటు ఖర్చు వేరు, అది వీటికంటె చాలా ఎక్కువ కావచ్చు, కనుకనే ఇందాక చెప్పిన సంస్థల తలుపు తట్టమంటున్నాము. దరఖాస్తు పడేదాకా ఫోటో వద్దు, వీడియో వద్దు, దావత్‌లో వర్ణించవద్దు. మన రాష్ట్రంలో ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి "ఇంటింటా ఇన్నోవేటర్" కార్యక్రమం నడుపుతున్నది, ఆగస్టు 15న జిల్లా కేంద్రాలలో ప్రదర్శన పెడతారు. దానికి మన పిల్లలు తప్పక వెళ్ళాలి. కాని అందులోనూ ఫోటోలు, వీడియో అడుగుతారు. ముందు తేదీ, తరువాత ప్రదర్శన.

చెల్లెళ్ళు ఒక ప్రశ్న పంపారు, మగ్గం పని, బుర్ఖా అంచుల డిజైన్ల సంగతి ఏమిటని. దానికి వేరే చట్టం, 2000 నాటి డిజైన్ల చట్టం. రక్షణ 10 ఏళ్ళు, మరో 5 ఏళ్ళు పెంచుకోవచ్చు. షరతు మాత్రం అదే: వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన తరువాత అది కొత్త డిజైను కాదు. అన్నిటినీ నమోదు చేయడం జరిగే పని కాదు, బాగా అమ్ముడయ్యేవి ఒకటి రెండు ఎంచుకోండి.

బండ్లకు మార్పులు చేసే ఉస్తాదులకు ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది. రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు లేకుండా మార్చిన బండి ప్రమాదంలో పడితే బీమా చిక్కు వస్తుంది. వికలాంగ సోదరుల బండ్ల విషయంలో ఆ నమోదు పని మనమే దగ్గరుండి చేయించాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఇదే హాలులో కూర్చుంటాము. చేసిన వస్తువులు తేవద్దు, పుస్తకాలు మాత్రం తెండి. మూసిపెట్టి ఉంచండి, ఎలా రాయాలో మాత్రమే చెబుతాము.

మీలో కొందరు ఆ వైపర్ మోటారు సంగతి అడుగుతారు. అది వాన తడిలో టైరు మీద జారుతున్నది, ఎత్తు మీద ఆగిపోతున్నది. ఆ సోదరుడు చెప్పగానే ఉస్తాద్ మళ్ళీ పని మొదలుపెట్టారు. పాత వీడియోలో లేని ఒక కొత్త మార్పు చేశారు, జారడం లేదు. దానిని ఆయన కూతురు బొమ్మ గీసింది, తేదీ వేసింది. తాత్కాలిక దరఖాస్తు కాగితాలు సిద్ధమవుతున్నాయి. ఆ మార్పు ఏమిటో మేము ఇక్కడ చెప్పము. షాపుకు వెళ్ళి ఆయననూ అడగకండి.